రంగుల గదిలో అక్రోట్లు

ఆ బేకరీలో సరుకు గది తాళంచెవి చేతికి రావాలంటే ముందు అక్రోట్లు కాపాడి చూపించాలి. పిండి, పంచదార, వెన్న, ఎండుద్రాక్ష, పప్పులు అన్నీ ఉండే గది అది. దాని మీద పెత్తనం ఒక్క మనిషిదే. ఆ పెత్తనం కావాలని వచ్చినవాళ్ళని బేకరీ నడిపే పెద్దమ్మ ఏం చదివావని అడగదు, ఎవరి తాలూకని అడగదు. ఎండలు ముదిరే ముందు ఐదు కిలోల అక్రోట్లు తూచి చేతికిస్తుంది. సగం పెంకుతో ఉన్న కాయలు, సగం పెంకు తీసిన పప్పు.

"మీ ఇంట్లో పెట్టుకో. మూడు నెలలు పోయాక తీసుకురా. అప్పటికీ తినేట్టుంటే గది నీది, లేకపోతే నీ దారి నీది," అంటుంది.

ఆవిడ అత్తగారు పెట్టిన పద్ధతట. అక్రోటు పప్పులో నూనె ఎక్కువ. వేడి తగిలినా, గాలి తగిలినా, తడి తగిలినా అలుగుతుంది. దాని అలకలన్నీ భరించి మూడు నెలల ఎండల్లోంచి గట్టెక్కించిన మనిషి, గదిలో ఇంకేదైనా కాపాడగలదని వాళ్ళ లెక్క.

ఈసారి ఆ సంచీ అందుకున్నది రంగులమ్మ. అసలు పేరు కాగితాల్లో ఎక్కడో ఉంది. మొగుడు ఇళ్ళకి రంగులు వేసే మేస్త్రి కాబట్టి వీధంతా అలాగే పిలుస్తుంది. పదకొండేళ్ళుగా ఆ బేకరీ వెనక వసారాలో ట్రేలూ ప్లేట్లూ కడుగుతోంది. వేడినీళ్ళు, సబ్బు, మాడి అంటుకుపోయిన పంచదార, పొద్దస్తమానం నిలబడడం. సాయంత్రానికి వేళ్ళు నాని ముడతలు పడతాయి, పాదాలు పొంగి చెప్పుల్లో పట్టవు. సరుకు గదిలో ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక తక్కెడ, చెట్టు నీడ పడే ఒక కిటికీ ఉన్నాయి. ఆ కుర్చీని తలుపు సందులోంచి చూస్తూనే ఆమెకి పదకొండేళ్ళు గడిచాయి. గది చూసుకునే ముసలావిడ మోకాళ్ళ నొప్పులతో మానేసిందని తెలియగానే, చేతులకున్న నురగ కూడా తుడుచుకోకుండా వెళ్ళి పెద్దమ్మ ముందు నిలబడింది.

"నువ్వా," అంది పెద్దమ్మ.

"నేనేనండి."

"ట్రేలు బాగా తోముతావు, కాదనను. అది వేరు, ఇది వేరు."

"వేరో కాదో అక్రోట్లే చెబుతాయి, ఇవ్వండి."

ఆ సంచీ చంకనెత్తుకుని ఇంటికొచ్చేసరికి అత్తగారు వాకిట్లో కూర్చుని ఉంది. మేస్త్రి తల్లి ఆవిడ. నోట్లో పళ్ళు సగమే ఉన్నా మాటకి పదును తగ్గలేదు.

"ఏమిటే అది, అంత భద్రంగా ఎత్తుకొస్తున్నావు. ఎవరి పిల్ల?"

"అక్రోట్లు అత్తయ్యా. మూడు నెలలు ముట్టుకోకూడదు."

"ఎవరు?"

"ఎవరైనా."

"అంటే నేనన్నమాట," అంది అత్తగారు.

రంగులమ్మ ఆ సాయంత్రమంతా ఇల్లు కొలిచినట్టు తిరిగింది. వంటింటి అల్మరా పొయ్యికి దగ్గర, వేడి. అటక మీద రేకుల కాక. ముందు గదిలో పొద్దున్నే కిటికీలోంచి ఎండ వచ్చి తిష్ఠ వేస్తుంది. పెంకున్న కాయల్ని గుడ్డసంచీలో పోసింది. పప్పుని మూడు వాటాలు చేసింది. అరకిలో ఒక రేకు డబ్బాలో పోసి ఫ్రిజ్‌లో, పాలగిన్నె వెనక పెట్టింది. అది చిన్న ఫ్రిజ్, అంతకన్నా పట్టదు. మిగిలిన రెండు కిలోలకీ రెండు గాజు సీసాలు కడిగి, ఎండలో పెట్టి, లోపల వేలు పెట్టి చూసుకుని మరీ నింపింది. చుక్క తడి ఉన్నా బూజు పడుతుందని ఆమెకి తెలుసు. ఒక సీసాకి రబ్బరు చుట్టున్న మూత, బిగిస్తే ఊడదు. రెండోదాని మూత ఎప్పుడో పగిలింది. ఇంకేదో సీసా మూత దానికి సరిపెట్టి, పైన గుడ్డ కట్టింది.

ఇక వాటిని ఎక్కడ పెట్టాలి. ఇంట్లో అన్నిటికన్నా చల్లటి చోటు ఒకటే, వెనక గది. ఎండ మొహం చూడని గది. గోడలు మందం, నేల రాయి, కిటికీ పిడికెడు. నడివేసవిలో కూడా అక్కడ పాదం పెడితే ప్రాణం లేచొస్తుంది. రంగులమ్మ సంచీని అక్కడ మేకుకి తగిలించింది, సీసాలు గూట్లో పెట్టింది. తలుపు దగ్గరికేసి, చేతులు దులుపుకుంది.

ఆ గది మేస్త్రి రంగుల గది. రంగు డబ్బాలు, వార్నిషు, టర్పెంటైను, గోడలకి పూసే లప్పం పిండి, నానబెట్టిన బ్రష్షులు అన్నీ అక్కడే. మూతలు సరిగ్గా పెట్టని డబ్బాలు కనీసం నాలుగు ఎప్పుడూ ఉంటాయి. ఇంకొకరైతే గుమ్మంలోనే ముక్కు మూసుకునేవారు. ఈ ఇంట్లోవాళ్ళకి ఆ వాసన ఊపిరితో కలిసిపోయి ఎన్నో ఏళ్ళయింది. అత్తగారి మొగుడూ రంగుల మేస్త్రే. చేపకి నీళ్ళు కనిపించనట్టు వాళ్ళకి ఆ వాసన తెలియదు, కాబట్టి తప్పు చేస్తున్నానని రంగులమ్మకి ఒక్క క్షణం కూడా తోచలేదు.

మూడు నెలలు సాఫీగానే గడిచాయి. వారానికోసారి వెళ్ళి చూసేది. చీమ లేదు, పురుగు లేదు, బూజు లేదు. వదులు మూత తీసి వాసన చూసేది, ఏమీ వచ్చేది కాదు. ఏమీ రాకపోవడమే మంచి అనుకుని నవ్వుకుంటూ వచ్చేసేది. కుర్చీ మీద వేసుకోవడానికి చిన్న మెత్త కూడా కుట్టుకుంది.

గడువు ఇంకా వారం ఉందనగా ఆడపడుచు దిగింది. మేస్త్రికి అక్క. తన ఊళ్ళో పాలకేంద్రంలో పని. పాలక్యాను మూత తీసి, ఒక్కసారి పీల్చి, ఇవి నిన్నటివి, ఇవి ఇవాళ్టివి, ఇందులో నీళ్ళు, దీని గేదెకి ఒంట్లో బాగోలేదు అని చెప్పగలదని పేరు. ఆఖరిది తను చెప్పుకున్నదే. పెట్టె దించీ దించకముందే మరదలు ఆవిణ్ణి వెనక గదిలోకి లాక్కుపోయింది.

"వదినా, మీ ముక్కుతో ఒక్కసారి చూసి చెప్పండి. వారంలో నా చేతిలో తాళంచెవి ఉంటుంది."

ఆడపడుచు సీసా మూత తీసి పీల్చింది. రెండోదాని మూత మరదలు బలంగా తిప్పి తీసిస్తే అదీ పీల్చింది. సంచీలో మొహం పెట్టి పీల్చింది. తర్వాత మరదలి వంక జాలిగా చూసింది.

"ఇవి పోయాయి మరదలా."

"ఏవి?"

"అన్నీ. రంగు డబ్బా మూత తీసినట్టుంది. పప్పులో నూనె చెడితే వచ్చేది ఇదే వాసన. వార్నిషులాగా, పాత రంగులాగా. నాకు కొత్తా."

రంగులమ్మ అక్కడే లప్పం సంచీ మీద కూలబడింది. అప్పుడే పనినుంచి వచ్చిన మేస్త్రి గుమ్మంలో నిలబడి సంగతి విన్నాడు. చెవుల మీద, కనుబొమ్మల మీద తెల్లరంగు చుక్కలున్నాయి.

"రంగుల గదిలో పెడితే రంగు వాసన రాక గులాబీ వాసన వస్తుందా అక్కా," అన్నాడు.

"గది వాసన వేరు, పప్పు వాసన వేరు."

"ఆ తేడా నీకు తెలిసిందా?"

ఆడపడుచు మళ్ళీ సీసా ఎత్తి పీల్చింది. గదిని పీల్చింది. తమ్ముణ్ణి కూడా పీల్చింది.

"నువ్వు కాస్త అవతలికి పోరా, నువ్వే పెద్ద డబ్బావి."

సమస్య అక్కడ ముడిపడింది. చెడిన అక్రోటు రంగు వాసన వేస్తుంది. రంగుల పక్కన పెట్టిన మంచి అక్రోటు కూడా చుట్టూ ఉన్న వాసన పీల్చుకుని రంగు వాసనే వేస్తుంది. చెడిందో, పొరుగు వాసన అంటిందో ముక్కుకి ఎలా తెలుస్తుంది. మంచివే అనుకుని తీసుకెళ్ళి అక్కడ చెడినవని తేలితే పదకొండేళ్ళ ఆశ ఆ గడప మీదే ఆగిపోతుంది. చెడినవనుకుని పారేస్తే చూపించడానికే ఏమీ ఉండదు. బేకరీలో ఎవరినైనా అడుగుదామంటే పరీక్ష కాగితం ముందే దొంగిలించినట్టుంటుంది.

సీసాలు మూతలు తీసి, సంచీతో పాటు వెనక వరండాలోకి మార్చారు. గాలికి పొరుగు వాసన పోతుందని, అసలుది మిగులుతుందని ఆడపడుచు చెప్పింది. పొద్దున వచ్చి చూసింది, రంగు వాసన ఉందంది. సాయంత్రం చూసింది, కొంచెం తగ్గిందంది. మర్నాడు పొద్దున రెండు సీసాలూ మార్చి మార్చి పీల్చింది.

"చెప్పండి వదినా."

"ఇప్పుడు బాగున్నాయి. ఏ వాసనా లేదు."

రంగులమ్మకి పట్టరాని సంతోషం వేసింది. ఆ సంతోషంలోనే, ఎందుకో, వెనక గదిలోంచి మూత తీసిన టర్పెంటైను డబ్బా తెచ్చి ఆవిడ ముక్కు కింద పెట్టింది.

"ఇది?"

"మంచినీళ్ళు," అంది ఆడపడుచు.

అత్తగారు వాకిట్లోంచి పగలబడి నవ్వింది. "అయిపోయింది. రెండు రోజులు మన ఇంట్లో పడుకుంది కదే. దాని ముక్కూ మన ముక్కయింది."

"నాకు పడిశం పట్టింది," అంది ఆడపడుచు పౌరుషంగా. ఆ మధ్యాహ్నమంతా తల్లితో మాట్లాడలేదు.

పక్కింట్లో చెప్పులు కుట్టే ఆయన ఉన్నాడు, నెమ్మదస్తుడు. ఆయన దగ్గరికి గుప్పెడు పప్పు పట్టుకెళ్ళింది రంగులమ్మ. ఆయన జిగురు వేళ్ళు తుడుచుకుని, కళ్ళు మూసుకుని శ్రద్ధగా పీల్చాడు.

"బాగుందమ్మా. కొత్త చెప్పుల వాసన."

ఆమె దండం పెట్టి వచ్చేసింది.

ఇంటికొచ్చాక ఒక ఆలోచన తట్టింది. ఫ్రిజ్‌లో పెట్టినవి చలిలో, మూత గట్టి డబ్బాలో ఉన్నాయి. అవి రంగుల గది మొహం చూడలేదు, వేడి మొహమూ చూడలేదు. ఇంట్లో ఏవైనా కచ్చితంగా బాగున్నాయంటే అవే. వాటిని పక్కన పెట్టుకుని వీటిని చూస్తే సరి. పాలగిన్నె జరిపి డబ్బా తీసింది. తేలిగ్గా ఉంది. మూత తీసింది. అడుగున తొమ్మిది బద్దలున్నాయి.

"అత్తయ్యా."

వాకిట్లో అత్తగారు వీధి వైపు తిరిగి కూర్చుంది.

"అత్తయ్యా, అరకిలో పప్పు."

"పాలగిన్నె తీసినప్పుడల్లా ఎదురుగా కనిపించేది," అంది అత్తగారు అటు తిరిగే. "రోజూ చూస్తూ పలకరించకపోతే ఏం మర్యాద."

"మూడు నెలలుగానా?"

"రోజుకి రెండు. మనసు బాగోలేని రోజు నాలుగు."

"మీ మనసు బాగోలేని రోజులు చాలానే ఉన్నాయి."

"నువ్వు మాట్లాడించకపోతే ఉండవూ మరి."

రంగులమ్మకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. తొమ్మిది బద్దలున్న డబ్బా, రెండు సీసాలు, సంచీ అన్నీ తెచ్చి వాకిట్లో అత్తగారి ముందు పెట్టి కూర్చుంది. మేస్త్రి, అలిగిన ఆడపడుచు కూడా వచ్చి చేరారు. ఎంత అలక అయినా ఇలాంటిది చూడకుండా ఎవరూ గదిలో పడుకోలేరు.

"ఇన్ని తిన్నారు కదా, ఇది తిని చెప్పండి," అని సరిపెట్టిన మూత సీసాలోంచి ఒక ముక్క తీసి అత్తగారికిచ్చింది. "బూజు లేదు, చూశాను. మింగకండి."

అత్తగారు ఉన్న పళ్ళ వైపుకి ముక్కని తోసుకుని నెమ్మదిగా నమిలింది. అందరూ ఆవిడ దవడ వంకే చూస్తున్నారు. కాసేపటికి ఆవిడ మొహం వంకర తిరిగింది. తుపుక్కున ఉమ్మింది.

"ఇది నేను తిన్నది కాదు."

"వాసన తెలిసిందా?" అంది ఆడపడుచు ఆత్రంగా.

"వాసనతో నాకేం పని. మీ నాన్నతో నలభై ఏళ్ళు కాపురం చేశాను. ఈ ముక్కు కళ్ళజోడు ఆనడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. గొంతుని అడగండి. మొదట్లో ఇదీ తియ్యగానే మాట్లాడుతుంది. లోపలికి వెళ్ళాక తిడుతుంది. ఇదిగో ఇక్కడ," అని గొంతు వెనక వేలు పెట్టి చూపించింది, "పట్టుకుని వదలదు. నావి అలా ఉండవు. నమిలాక ఎంతసేపైనా కమ్మగానే ఉంటాయి."

రంగులమ్మ ఒక ముక్క నోట్లో వేసుకుంది. మొదట ఏమీ తెలియలేదు. ఇరవై లెక్కపెట్టేలోపు నాలుక చివర కాదు, ఎక్కడో వెనక, చేదు పాకింది. ఉమ్మి, నీళ్ళు పుక్కిలించి, ఫ్రిజ్‌ది ఒకటి వేసుకుంది. ఇరవై కాదు, నలభై లెక్కపెట్టింది. కమ్మదనమే.

"ఇప్పుడు రెండో సీసా," అన్నాడు మేస్త్రి.

మళ్ళీ బిగించిన రబ్బరు మూత ఊడదీయడానికి అతను సీసాని మోకాళ్ళ మధ్య బిగించి తిప్పాల్సొచ్చింది. దాంట్లోది నలుగురూ తలో ముక్క వేసుకుని నోళ్ళు మూసుకుని కూర్చున్నారు. వీధిలో పోయేవాళ్ళు చూస్తే ఇంట్లో ఏదో అయిందనుకునేవారు. నలభై అయింది. ఎవరి మొహమూ మారలేదు.

"ఇది నాది," అంది అత్తగారు, ఇంకో బద్ద కోసం చెయ్యి చాస్తూ. కోడలు సీసా వెనక్కి లాక్కుంది.

తర్వాత పెంకున్న కాయలు. పైన పెంకుకి రంగు వాసన ఉందో లేదో ఆ ఇంట్లో చెప్పగలవాళ్ళు లేరు. సుత్తితో కొడితే లోపల పప్పు నిండుగా, పెంకుని ఒరుసుకుని ఉంది. తిన్నారు. బాగుంది. ఊపితే లోపల గలగలమన్న కాయలు మాత్రం పదో పన్నెండో ఉన్నాయి. వాటిలో పప్పు ఎండి ముడుచుకుపోయింది. అవి పక్కకి పోయాయి.

అప్పటికి మేస్త్రి రెండు సీసాల పప్పునీ వేళ్ళతో విరిచి వెలుతురులో పట్టి చూస్తున్నాడు. మంచిది టక్కున విరుగుతోంది. చెడినది కాస్త వంగి, తర్వాత తెగుతోంది.

"ఇటు చూడవోయ్," అన్నాడు. "విరిచిన చోట దీని రంగు మీగడ. దీనిది పాత వార్నిషు. మధ్యలో ఇది చూశావా, దీంట్లో పసుపు పడింది. ఇంకో నెలలో ఇదీ పోతుంది."

"మీ ముక్కుకే రంగు వాసన తెలియదు, కళ్ళకి అంత తెలుస్తుందా?"

"ఇరవై రెండేళ్ళుగా జనాల గోడలకి తెలుపులో తెలుపు కలిపి ఇస్తున్నాను. ఒక ఇంటి తెలుపు ఇంకో ఇంటికి పడదు. ఈ పప్పొక లెక్కా."

లోపలికి వెళ్ళి అట్టముక్క, సన్న బ్రష్షు తెచ్చాడు. విరిచిన పప్పుని పక్కన పెట్టుకుని, రంగులు కలుపుకుంటూ, అట్ట మీద వరసగా ఏడు గళ్ళు వేశాడు. మీగడ తెలుపునుంచి మొదలుపెట్టి, కొంచెం పసుపు, తేనె, గాజులా మెరిసే గోధుమరంగు దాకా. మూడో గడి దగ్గర గీత గీశాడు. గీతకి ఇవతలివి తినొచ్చు, అవతలివి పారెయ్యాలి.

ఆడపడుచు ఆ అట్టని ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, "ఇదీ అక్రోట్ల వాసనే వస్తోంది," అంది. అందరూ నవ్వారు, ఆవిడతో సహా. అలక అక్కడితో తీరింది.

గడువు రోజున రంగులమ్మ ఉతికిన చీర కట్టుకుని, పెంకు కాయల సంచీ, రబ్బరు మూత సీసా, చెడిన సీసా పట్టుకుని బేకరీకి వెళ్ళింది. చెడినదాన్ని దాచిపెట్టే ఉద్దేశం ఆమెకి లేదు. ఇది ఎందుకు చెడిందో చెప్పి, ఎదురుగానే పారేద్దామనుకుంది. ఆ మాటలు దారంతా కూడబలుక్కుంది.

బేకరీ లోపల అప్పుడే పొయ్యిలోంచి కేకులు దిగుతున్నాయి. వెన్న, పంచదార, వెనిల్లా కలిసిన వాసన గోడలకే అంటుకున్నట్టుంది. బేకరీ పెద్దమ్మ బల్ల దగ్గర నిలబడి ఉంది, నడుముకి తాళంచెవి వేలాడుతోంది. కేకు మాస్టరు పిండి కలుపుతున్నాడు.

"తెచ్చావా, పెట్టు," అంది పెద్దమ్మ.

రంగులమ్మ మూడూ బల్ల మీద పెట్టింది. కూడబలుక్కున్న మాట నోటిదాకా వచ్చేలోపే పెద్దమ్మ రబ్బరు మూత సీసా అందుకుంది. తిప్పింది, ఊడలేదు. విసుక్కుని పక్కన పెట్టి, రెండోది తీసింది. గుడ్డ లాగగానే సరిపెట్టిన మూత చేతిలోకి వచ్చేసింది. సీసాని ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని నిండుగా పీల్చింది.

"ఆహా," అంది. "నిన్న పెంకు తీసినట్టున్నాయి."

రంగులమ్మ ఆ సీసా అందుకోవడానికి చెయ్యి చాచింది.

"ట్రేలు కడిగే చెయ్యి గనక శుభ్రం తెలుసు," అంటూ పెద్దమ్మ నడుముకున్న తాళంచెవి విప్పి ఆమె అరచేతిలో పెట్టింది. ఇత్తడి చెవి, బరువుగా, ఒంటివేడితో ఉంది. తర్వాత సీసా కేకు మాస్టరు వైపు జరిపింది. "ఇవాళ్టి కేకులో ఇవే వెయ్యి."

మాస్టరు సీసా అందుకున్నాడు.

తాళంచెవి మీద రంగులమ్మ వేళ్ళు ముడుచుకున్నాయి. నోరు మూసుకుంటే చాలు. కుర్చీ తనది, కిటికీ తనది. నోరు తెరిస్తే, ముప్పై ఏళ్ళుగా ఈ బేకరీని ముక్కుతో నడుపుతున్నానని చెప్పుకునే మనిషిని ఆవిడ గడపలోనే, పనివాడి ముందే తక్కువ చేసినట్టు. అలాంటి మాట విన్నాక ట్రేలు కడిగే పని కూడా ఉంటుందో లేదో. మాస్టరు సీసా ఒంచాడు.

"ఆగండి," అంది రంగులమ్మ. "అవి చెడిపోయాయి."

మాస్టరు చెయ్యి గాల్లోనే ఆగింది. పెద్దమ్మ నెమ్మదిగా ఇటు తిరిగింది.

"ఏమన్నావు?"

"ఆ సీసా చెడిపోయిందండి. మూత వదులు, గాలి తగిలింది. మీకు చెప్పి పారేద్దామనే తెచ్చాను. బాగున్నది ఆ ఊడని మూతది."

"నా ముక్కు బాగున్నాయని చెప్పింది."

"చెబుతుందండి." ఇంత దూరం వచ్చాక వెనక్కి పోయే దారి లేదు. "మీ ముక్కు ముప్పై ఏళ్ళుగా వెనిల్లాలో ఉంది. నాది రంగుల్లో ఉంది. రెండూ ఎప్పుడో పనిచెయ్యడం మానేశాయి. నాది మానేసిందని నాకు వారం కిందటే తెలిసింది."

కేకు మాస్టరు ఉన్నట్టుండి పొయ్యి లోపల ఏదో చాలా అవసరమైంది కనిపించినట్టు అటు వంగాడు. పెద్దమ్మ మొహం ఎర్రబడింది. తాళంచెవి వెనక్కి అడుగుతుందేమోనని రంగులమ్మ అరచెయ్యి తెరిచి దాన్ని బల్ల మీద పెట్టింది. చెవి అక్కడ మెరుస్తోంది.

పెద్దమ్మ దాన్ని చూడలేదు. సీసాలోంచి ఒక బద్ద తీసుకుని నోట్లో వేసుకుంది.

"బాగానే ఉందిగా," అంది నములుతూ.

"ఇంకాస్త ఆగండి. మొదట తియ్యగానే మాట్లాడుతుంది."

పెద్దమ్మ ఆగింది. పదిహేను లెక్కకి కనుబొమ్మలు దగ్గరికొచ్చాయి. పదిహేడుకి చెయ్యి గొంతు దగ్గరికెళ్ళింది. చేతిరుమాల్లో ఉమ్మి, నీళ్ళు అడిగింది. నీళ్ళు తాగాక రబ్బరు మూత సీసా రంగులమ్మ వైపు తోసింది. రంగులమ్మ మోకాళ్ళ మధ్య బిగించి ఊడదీసింది. అందులోది తిని పెద్దమ్మ చాలాసేపు కళ్ళు మూసుకుని ఉంది.

"మా అత్తగారు ముక్కుతో చూసేది," అంది చివరికి. "నేనూ ముక్కే అనుకున్నాను. మాస్టరూ, గదిలో మన అక్రోట్ల బస్తా ఎప్పటిది?"

పొయ్యిలోకి చూస్తున్న మాస్టరు తల తిప్పకుండానే జవాబిచ్చాడు. "పోయిన చలికాలంలో తెరిచిందండి."

"ఎలా ఉంది?"

"నన్ను అడక్కండి. నా ముక్కూ మీతోటిదే." కాస్త ఆగి అన్నాడు. "అక్రోటు కేకు మాత్రం నెలరోజులుగా ప్లేట్లలో సగం మిగిలిపోతోంది."

"అది నాకు ఒక్కరూ చెప్పలేదే."

"ప్లేట్లు కడిగింది నేనేనండి," అంది రంగులమ్మ. "ఎండలకి తినబుద్ధి కావట్లేదేమో అనుకున్నాను."

ముగ్గురూ సరుకు గదిలోకి నడిచారు. రంగులమ్మ ఆ గడప దాటడం అదే మొదటిసారి. కుర్చీ వంక చూడనైనా చూడలేదు. బస్తా మూతి విప్పి, గుప్పెడు పప్పు తీసి, కిటికీ వెలుతురులో ఒక్కొక్కటే విరిచింది. మొదటిది వంగింది. రెండోది వంగింది. రవికలోంచి అట్ట తీసి పక్కన పెట్టింది. ఐదో గడి. ఆరో గడి. ఒక్కటి మాత్రం మూడో గడికి, గీత మీదికి వచ్చింది.

"ఏమిటే అది?" అంది పెద్దమ్మ.

"మా ఆయన వేసిచ్చారు. ముక్కు లేనివాళ్ళ కోసం."

పెద్దమ్మ అట్ట తీసుకుని, ఒక బద్ద విరిచి గళ్ళ మీద జరుపుతూ చూసింది. ఇంకోటి విరిచింది. బస్తాలో అడుగుదాకా చెయ్యి పెట్టి తీసి విరిచింది. అదీ ఆరో గడే. ఆవిడ భుజాలు కదలడం మొదలుపెట్టాయి. ఏడుస్తోందేమోనని మాస్టరు కంగారుపడ్డాడు. ఆవిడ నవ్వుతోంది. నవ్వి నవ్వి బల్లకి ఆనుకుంది.

"నెలరోజులుగా ఈ ఊరికి వార్నిషు తినిపిస్తున్నాను. ఒక్కరూ నా మొహాన చెప్పలేదు. ట్రేలు కడిగే మనిషి వచ్చి చెప్పాల్సొచ్చింది."

"చెప్పడానికి చాలా భయపడ్డానండి."

"కనిపిస్తూనే ఉంది." పెద్దమ్మ బయటికెళ్ళి, బల్ల మీదున్న తాళంచెవి తెచ్చి, తనే ఆమె కొంగున ముడేసింది. ముడి రెండుసార్లు లాగి చూసింది. "మూడు నెలల పద్ధతి మా అత్తగారిది, అలాగే ఉంటుంది. ముక్కుతో చూడడం ఇవాళ్టితో సరి. అట్ట ఇక్కడే గోడకి కొట్టు. మీ ఆయనతో ఇంకోటి వేయించు, మాస్టరుకి."

"ట్రేలు ఎవరు కడుగుతారండి?" అన్నాడు మాస్టరు.

"ఇవాళ్టికి నువ్వే." పెద్దమ్మ రంగులమ్మ వైపు తిరిగింది. "రేపు పొద్దున ఎన్నింటికొస్తావు?"

రంగులమ్మ అప్పటికే చెంగు నడుముకి బిగించి, బస్తా ఒక చెవి పట్టుకుని వంగి ఉంది.

"రేపటి సంగతి తర్వాత చూద్దాం. ముందు మీరు ఆ పక్క పట్టండి పెద్దమ్మగారూ, ఇది ఈ గదిలో ఇంకొక్క క్షణం కూడా ఉండడానికి వీల్లేదు."

పెద్దమ్మ చేతులు దులుపుకుని, రెండో చెవి పట్టుకుంది.